నివురుగప్పిన హ్యాచ్‌బ్యాక్‌లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే కోవకు చెందిన కార్ల గురించి ఉన్నాయి. చూడడానికి పక్కింటివారి చిన్న కారులాగే ఉండి, అవసరం వచ్చినప్పుడు తమకంటే ఎంతో ఖరీదైన కార్లను సునాయాసంగా దాటిపోయే హ్యాచ్‌బ్యాక్‌లవి. దూరం నుంచి వాటిని ఇష్టపడినవారు కొన్నాక కూడా అంతే ఇష్టంతో ఉంటారన్న నమ్మకం నాకు లేదు గనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కొనాలని చాలాకాలంగా డబ్బు కూడబెడుతున్నాను. ఇంట్లో ఫొటో చూపిస్తే మా మామగారు, "ఇంత పోసి ఈ చిన్న కారా అల్లుడూ? ఆ డబ్బుకు బీఎండబ్ల్యూ వస్తుంది, నలుగురూ చూస్తారు" అన్నారు. ఆయన మాటలో తప్పు కనబడడం లేదు గానీ నా మనసు జీటీఐ మీది నుంచి కదలడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీ మామగారి మాటను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఆయన అన్న "నలుగురూ చూస్తారు" అనే రెండు ముక్కల్లోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఆయన దానిని లాభం కింద రాసుకుంటున్నారు. జీటీఐ కోరుకునేవారిలో చాలామంది దానిని ఖర్చు కింద రాసుకుంటారు. మీ పద్దు ఎటువైపో ముందుగా తేల్చుకోండి.

ఇక అంకెలు చూద్దాం. గోల్ఫ్ జీటీఐ 2025 మే నెలలో మన దేశానికి వచ్చినప్పుడు షోరూమ్ ధర దాదాపు 53 లక్షల రూపాయలు. జీవితకాల పన్ను, బీమా కలుపుకుంటే చేతికి వచ్చేసరికి 60 లక్షలు దాటింది. మీ మామగారి మనసులో ఉన్నది బీఎండబ్ల్యూ ఎక్స్1 పెట్రోలు కారు అయివుంటుంది. అది చెన్నైలో తయారవుతుంది, దానిలో ఉన్నది మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజిన్, శక్తి 136 పీఎస్, టార్క్ (చక్రాలను తిప్పే బలం) 230 న్యూటన్ మీటర్లు. జీటీఐలో నాలుగు సిలిండర్ల 2 లీటర్ల టర్బో ఇంజిన్ 265 పీఎస్ శక్తిని, 370 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. నిలిచివున్న స్థితి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎక్స్1కు తొమ్మిది సెకన్ల పైన పడితే, జీటీఐకి 5.9 సెకన్లు చాలునని కంపెనీలు చెబుతున్నాయి. అంటే దాదాపు ఒకే ధరకు ఒకచోట బానెట్ మీది గుర్తు, ఎత్తు, వెనక సీటు సుఖం లభిస్తాయి. ఇంకొకచోట ఆ సొమ్ములో అధికభాగం బానెట్ కిందికి, చక్రాల మధ్యకు వెళుతుంది, బయటివారికి కనబడదు.

ఈ గుట్టు జీటీఐకి పుట్టుకతోనే వచ్చింది. 1970ల నడుమ ఫోక్స్‌వ్యాగన్‌లో కొద్దిమంది ఇంజినీర్లు, ఇంటి అవసరాలకు చేసిన గోల్ఫ్‌లో కాస్త బలమైన ఇంజిన్ పెడితే ఎలా ఉంటుందోనని ప్రయోగం మొదలుపెట్టారు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఆ కారును ప్రదర్శించి, మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టినప్పుడు 5,000 కార్లు అమ్ముడైతే చాలుననుకున్నారు. మొదటి తరంలోనే నాలుగున్నర లక్షలకు పైగా తయారుచేయవలసి వచ్చింది. శక్తి 110 పీఎస్ మాత్రమే అయినా కారు బరువు 800 కిలోలకు కాస్త ఎక్కువ గనుక, ఆ కాలానికి అది పెద్ద కార్ల యజమానులను ఇబ్బంది పెట్టింది. పైకి తేడా తెలియడానికి ఉన్నవి గ్రిల్ చుట్టూ ఒక ఎర్ర గీత, చక్రాల పైన నల్లటి అంచు, మూడు అక్షరాలు, అంతే. లోపల గేర్ రాడ్డు మీద గోల్ఫ్ బంతిని పోలిన పిడిని, సీట్లకు గళ్ల బట్టను గుణ్‌హిల్డ్ లిలియెక్విస్ట్ అనే డిజైనర్ పెట్టించారు. ఆ గళ్ల బట్ట నేటి కారులోనూ కొనసాగుతోంది. దానిని చూసి మీ మామగారికి లుంగీ గుర్తుకు వస్తే ఆయనను తప్పు పట్టకండి.

వేగం కంటే ఈ కారులో నాకు ఎక్కువ నచ్చేది అది మలుపు తిరిగే తీరు. 370 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ముందు చక్రాలకే ఇచ్చినప్పుడు, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నొక్కితే బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే గిరగిరా తిరిగి, కారు ముక్కు బయటి వైపుకు జారుతుంది. జీటీఐలో ముందు ఇరుసు దగ్గర ఎలక్ట్రానిక్ నియంత్రణతో పనిచేసే డిఫరెన్షియల్ లాక్ ఉంది. అందులోని క్లచ్ పలకలు బిగుసుకొని, వృథా కాబోయే శక్తిని పట్టు ఉన్న బయటి చక్రానికి మళ్లిస్తాయి, దాంతో ముక్కు మళ్లీ మలుపు లోపలికి తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు నుంచి కిందికి దిగే గుండ్రటి దారుల్లో, చట్టం అనుమతించే వేగంలోనే మీరు దీనిని అనుభవించగలరు. అదే రింగ్ రోడ్డు మీద గరిష్ఠ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు కాబట్టి, ఈ కారుకున్న 250 కిలోమీటర్ల గరిష్ఠ వేగం మీకు బ్రోచర్‌లో చదువుకోవడానికి తప్ప పనికిరాదు. లారీని దాటడానికి ఇచ్చే ఆ రెండు మూడు సెకన్ల పికప్ మాత్రం రోజూ పనికి వస్తుంది.

ఇప్పుడు లోపాలు. ఇది జర్మనీ నుంచి పూర్తిగా తయారై ఓడలో వచ్చే కారు. మన దేశపు ధ్రువీకరణ పరీక్షలు లేకుండా ఒక కంపెనీ ఏటా 2,500 వరకు కార్లను దిగుమతి చేసుకోవచ్చునన్న వెసులుబాటు వల్లనే ఇటువంటివి మన రోడ్ల మీదికి రాగలుగుతున్నాయి. అయితే ఆ ధరలో పెద్ద వాటా దిగుమతి సుంకం. మీరు ఇచ్చిన ప్రతి రూపాయీ కారులోకి వెళ్లదు, అమ్మేటప్పుడు ఆ సుంకాన్ని మీకు ఎవరూ తిరిగి ఇవ్వరు. కొద్ది సంఖ్యలో వచ్చిన కారు గనుక బంపరో, హెడ్‌లైటో దెబ్బతింటే విడిభాగం కోసం ఎదురుచూడడం తప్పకపోవచ్చు.

రెండోది నేల నుంచి ఎత్తు, అది 136 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో నున్నగా ఉండాలి. అలా కట్టినదాని మీదుగా జీటీఐ నెమ్మదిగా వెళ్లిపోతుంది. మన కాలనీలలో రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టే గుట్టలు ఏ కొలతకూ లొంగవు, పైగా నలుగురు కూర్చుని డిక్కీలో సామాను పెడితే ఆ 136 మిల్లీమీటర్లు ఇంకా తగ్గుతాయి. టైర్ల సంగతీ ఇటువంటిదే. 225/40 కొలత గల 18 అంగుళాల టైరులో రబ్బరు గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లు మాత్రమే. వానాకాలంలో నీళ్లు నిండిన గుంతలో చక్రం పడితే ఆ దెబ్బను తీసుకునేది రబ్బరు కాదు, రిమ్ము.

మూడో లోపాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కల్యాణ మండపం ముందు మీ కారును పార్కింగ్ కుర్రవాడు మూలకు తోసి, తరువాత వచ్చిన తెల్లటి ఎస్‌యూవీని గుమ్మం ఎదుట నిలుపుతాడు. సిగ్నల్ దగ్గర పక్కనున్నాయన అద్దం దించి, "కొత్త మోడల్ స్విఫ్టా అండీ?" అని అడుగుతాడు. మొదటిసారి మీరు నవ్వుకుంటారు. పదోసారీ నవ్వుకోగలిగితేనే ఈ కారు మీది.

నా మాట ఇది. ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కించుకోవడానికి వేరే కారు ఉంటే నిస్సంకోచంగా జీటీఐ తీసుకోండి. ఇంటికంతా ఇదొక్కటే కారైతే, ముందుగా మామగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దించి, ఎక్కించి చూడండి. డీలరు తీసుకువెళ్లే నున్నటి రోడ్డు మీద చేసే టెస్ట్ డ్రైవ్ మీకు ఏమీ చెప్పదు. ఇదే ఇంజిన్‌తో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 2025లో దాదాపు 50 లక్షలకు వచ్చింది, డిక్కీ 600 లీటర్లు గనుక కుటుంబానికి అదే మేలు. కాకపోతే వచ్చినవి వంద కార్లే, అవి బుకింగుల్లోనే అయిపోయాయి.

ప్రశ్న: 2014 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ ఒకటి అమ్మకానికి వచ్చింది. 70,000 కిలోమీటర్లు తిరిగింది, ఒకే యజమాని. నడిపితే అద్భుతంగా ఉంది. మా మెకానిక్ మాత్రం "దాని గేర్‌బాక్స్ జోలికి వెళ్లొద్దు సార్" అని భయపెడుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు అన్నదీ నిజమే, మీ మెకానిక్ అన్నదీ నిజమే.

ముందు మీరు అన్నది. మన దేశంలో హంగు లేని వేగపు హ్యాచ్‌బ్యాక్ అనే మాటకు బాగా సరిపోయే కారు నా దృష్టిలో ఇదే, గోల్ఫ్ కాదు. 2013లో వచ్చిన ఈ కారులో 1.2 లీటర్ల టర్బో ఇంజిన్ 105 పీఎస్ శక్తిని, 175 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇచ్చేది. అప్పటి స్విఫ్ట్ పెట్రోలులో అవి 87 పీఎస్, 114 న్యూటన్ మీటర్లు. పీఎస్‌లో కన్నా టార్క్‌లో ఉన్న తేడా పెద్దది, పైగా ఆ టార్క్ 1,500 ఆర్‌పీఎమ్ దగ్గరే అందుతుంది గనుక, గేరు తగ్గించకుండానే కారు ముందుకు దూకుతుంది. వంద కిలోమీటర్ల వేగానికి 9.7 సెకన్లని కంపెనీ చెప్పింది. నేటి లెక్కలో అది గొప్ప అంకె కాకపోవచ్చు గానీ, పది లక్షల లోపు చిన్న పెట్రోలు కారులో ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఆనాడు విడ్డూరమే. వెనక అంటించిన అక్షరాలు తీసేస్తే, అదే కాలపు 75 పీఎస్ సాదా పోలోకూ దీనికీ తేడా కనిపెట్టడానికి కారు చుట్టూ రెండుసార్లు తిరగాలి.

ఇప్పుడు మీ మెకానిక్ భయం. ఫోక్స్‌వ్యాగన్ తన డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లను డీఎస్‌జీ అంటుంది, వాటిలో ఈ రకానికి పెట్టిన పేరు డీక్యూ200. దీనిలో రెండు క్లచ్‌లుంటాయి: ఒకటి బేసి గేర్లకు, రెండోది సరి గేర్లకు. ఒక గేరులో వెళుతుండగానే తరువాతి గేరు సిద్ధంగా ఉండడం వల్ల మార్పు రెప్పపాటులో జరుగుతుంది. చిక్కు ఏమిటంటే ఈ క్లచ్‌లు పొడివి, అంటే వేడిని మోసుకుపోవడానికి వాటి చుట్టూ నూనె ఉండదు. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరు గంటలకు అడుగులో అడుగు వేస్తూ కదిలేటప్పుడు మొదటి గేరు క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. ఆ రాపిడిలో పుట్టిన వేడి పైన మే నెల ఎండ కూడా తోడవుతుంది. దీనికి తోడు గేర్‌బాక్స్‌ను నడిపించే మెకట్రానిక్ అనే భాగంలో కవాటాలు, ఎలక్ట్రానిక్స్ కలిసి ఉంటాయి. వేడి, తేమ ఎక్కువగా ఉన్న చోట్ల, ఆగుతూ కదులుతూ ఉండే ట్రాఫిక్‌లో, అందులో పోసిన సింథటిక్ నూనె వల్ల విద్యుత్ లోపాలు వస్తున్నాయని గుర్తించి, 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి ఖనిజ నూనె పోయించింది. చైనాలో అంతకు ముందే, అదే ఏడాది మార్చిలో, మూడు లక్షల ఎనభై వేలకు పైగా కార్లను ఈ కుటుంబపు గేర్‌బాక్స్ కోసమే వెనక్కి పిలవవలసి వచ్చింది. కాబట్టి మీ మెకానిక్ వినికిడి మాటలు చెప్పడం లేదు.

అయినా కొనవచ్చు, పరీక్ష సరిగ్గా చేస్తే. కారును మధ్యాహ్నం పూట చూడండి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పండి. చల్లటి ఉదయం ఐదు నిమిషాల సవారీలో ఏ డీఎస్‌జీ అయినా బుద్ధిమంతుడిలాగే ఉంటుంది. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు కుదుపు, గడగడ శబ్దం వస్తున్నాయేమో గమనించండి. చిన్న ఎత్తు మీద బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ ముట్టకుండా కారు వణకకుండా పాకుతుందో లేదో చూడండి. రివర్స్‌లోనూ అదే చేయండి. డ్యాష్‌బోర్డు మీద గేరు అక్షరాలు మిణుకుమిణుకుమన్నా, స్పానర్ గుర్తు వెలిగినా బేరం అక్కడే ఆపేయండి. స్కానర్ పెట్టి పాత లోపాల కోడ్‌లు చదివించడానికి అయ్యే ఖర్చు, ముందుముందు పెట్టవలసి వచ్చే ఖర్చు ముందు చిల్లరే.

నేనూ ఒకప్పుడు ఇటువంటి పొడి క్లచ్ కారు ఒకటి నడిపాను, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒక వేసవి మధ్యాహ్నం వంతెన మీద అది వేడెక్కి నిలిచిపోయింది. తీసుకువెళ్లిన వర్క్‌షాప్‌వారు గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. నమ్మకం కుదరక ఇంకొక షెడ్డులో చూపిస్తే క్లచ్ ప్యాక్ మారిస్తే సరిపోయింది. అప్పటి నుంచి రెండో అభిప్రాయం లేకుండా ఏ గేర్‌బాక్స్‌నూ విప్పనివ్వలేదు, నడిపే అలవాటు కూడా మార్చుకున్నాను. ముందు కారుకు అంటిపెట్టుకుని అంగుళం అంగుళం జరగకుండా, కాస్త జాగా ఏర్పడ్డాక ఒక్కసారి కదలడం, ఆగాక బ్రేకును గట్టిగా నొక్కి ఉంచడం. అలా నొక్కితే క్లచ్ పూర్తిగా విడిపోయి రాపిడి ఆగుతుంది.

ఇంకొక్క విషయం. 2014 కారు ఆర్‌సీ గడువు 2029తో ముగుస్తుంది, వెనక సీటు ఇద్దరికి మించి ఇరుకే, పోలో తయారీ మన దేశంలో 2022లోనే ఆగిపోయింది. మీ చేతిలో ఇంకాస్త డబ్బుంటే 2020 తరువాతి 1 లీటరు టీఎస్‌ఐ ఆటోమేటిక్‌ను వెతకండి. దాని శక్తి 110 పీఎస్, టార్క్ పాత దానంతే, గేర్‌బాక్స్ మాత్రం పొడి క్లచ్‌ల బదులు నూనె ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ రకానిది. గేరు మారడంలో పాత దాని చురుకుదనం దీనికి రాదు. కానీ బెంజి సర్కిల్‌లో మీ ఊపిరి మీ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. రోజూ రాజీవ్ రహదారి మీద 40 కిలోమీటర్లు వెళ్లిరావాలి. లారీలను దాటడానికి భయం లేని చిన్న కారు కావాలి, ఒళ్లంతా స్టిక్కర్లు మాత్రం వద్దు. 12 లక్షలలో ఏముంది?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: స్టిక్కర్లు వద్దన్నారు గనుక 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్ పక్కకు పోతుంది. 120 పీఎస్ ఇంజిన్ బాగానే ఉంది గానీ బానెట్ మీది గీతలు అర కిలోమీటరు దూరం నుంచే పలకరిస్తాయి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లోనూ 120 పీఎస్ టర్బో ఇంజినే, అక్కడక్కడా ఎర్ర అంచులున్నా ముదురు రంగు కారులో అవి కలిసిపోతాయి. 2023 నుంచి దీనికి ఆరు గేర్ల మాన్యువల్ ఉంది, మీరు చెప్పిన దారికి నేను దానినే సూచిస్తాను. సస్పెన్షన్ సాధారణ ఐ20 కన్నా బిరుసు కాబట్టి, ఊరి లోపలి రోడ్లు పాడైనచోట నడుముకు ఆ సంగతి తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదనుకుంటే 2017లో వచ్చిన మారుతి బలెనో ఆర్‌ఎస్ చూడండి. 102 పీఎస్ టర్బో ఇంజిన్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్న ఆ కారును రోడ్డు మీద అందరూ మామూలు బలెనో అనుకున్నారు. అందుకేనేమో పెద్దగా అమ్ముడుపోలేదు. కొనేటప్పుడు ఆ మోడల్‌కు ప్రత్యేకమైన టర్బో భాగాలు మీ ఊరి సర్వీస్ సెంటర్‌లో దొరుకుతాయో లేదో ముందే విచారించండి.

ప్రశ్న: నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2016 నాటి గోల్ఫ్ ఆర్, అదే ఏడాది జీటీఐ రెండూ నా బడ్జెట్‌లో ఉన్నాయి. మా సహోద్యోగులు ఆర్ తీసుకోమంటున్నారు. కొన్నాళ్లకు ఇండియాకు తిరిగి వస్తాను. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, మ్యూనిక్, జర్మనీ

జవాబు: గుట్టు విషయంలో ఆర్ అన్నగారు. జీటీఐకి కనీసం ఎర్ర గీత ఉంటుంది. ఏడో తరం గోల్ఫ్ ఆర్‌కు వెనక నాలుగు సైలెన్సర్ గొట్టాలు, ఒక చిన్న అక్షరం తప్ప చెప్పుకోదగ్గ గుర్తు లేదు. ఆ నిశ్శబ్దం వెనక 300 పీఎస్ ఇంజిన్, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు ఉన్నాయి. డీఎస్‌జీతో వంద కిలోమీటర్ల వేగానికి అయిదు సెకన్లు కూడా పట్టదు. ఈ వరుసకు మూలపురుషుడు 2002 నాటి ఆర్32. 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన ఆ కారులోనే, మరుసటి ఏడాది, డీఎస్‌జీ గేర్‌బాక్స్ మొట్టమొదటగా కొనుగోలుదారుల చేతికి అందింది.

మ్యూనిక్ చలికాలంలో, ఆల్ప్స్ వైపు మంచు దారుల్లో నాలుగు చక్రాల పట్టు నిజంగా ఉపయోగమే. మిగిలిన ఎనిమిది నెలలూ ఆ ఏర్పాటు బరువును మోస్తూ తిరుగుతారు, డిక్కీ కూడా 380 నుంచి 343 లీటర్లకు తగ్గుతుంది. ఆర్‌లో వెనక చక్రాలకు శక్తిని పంపే హాల్డెక్స్ క్లచ్ నూనెను మూడేళ్లకోసారి, గేర్‌బాక్స్ నూనెను 60,000 కిలోమీటర్లకోసారి మార్పించిన రసీదులు ఉన్నాయో లేదో చూడండి. ఈ తరం ఇంజిన్లలో ప్లాస్టిక్ థర్మోస్టాట్ గూడు దగ్గర కూలెంట్ కారడం రెండు కార్లకూ ఉన్న తెలిసిన జబ్బు. క్యాబిన్‌లో మీకు వినబడే గంభీర నాదంలో కొంత భాగం ముందు అద్దం దగ్గర అమర్చిన కంపన యంత్రం పుట్టించేది. దానిని తెలుసుకున్నాక నాకు ఆ శబ్దం మీద ప్రేమ సగం తగ్గింది.

ఆటోబాన్ మీద పరిమితి లేని చోట్ల ఈ కార్ల అసలు రూపం బయటపడుతుంది. అయితే అక్కడ సూచిత వేగం గంటకు 130 కిలోమీటర్లేనని, దానికి మించిన వేగంలో ప్రమాదం జరిగితే తప్పు ఎదుటివారిదైనా నష్టంలో కొంత బాధ్యత మీ మీద పడవచ్చునని గుర్తుంచుకోండి. బీమా కోట్ తీసుకోకుండా మాత్రం ఏ కారుకూ బయానా ఇవ్వకండి. అక్కడ ప్రతి మోడల్‌కూ బీమా తరగతి వేరు, డ్రైవింగ్ అనుభవం తక్కువగా నమోదైన కొత్తవారికి ప్రీమియం చూసి కళ్లు తిరుగుతాయి. కొన్నాళ్లకే తిరిగి వస్తానంటున్నారు, స్టీరింగ్ ఎడమవైపున్న కారును ఇక్కడికి తెచ్చుకునే ఆలోచన పెట్టుకోకండి. మార్పులేవీ చేయని, ఒకే చేతిలో ఉన్న జీటీఐ తీసుకోవడం మంచిదని నా సలహా. కుర్రకారు చేతులు మారిన ఆర్‌లలో ఇంజిన్ ప్రోగ్రామ్ మార్పించి, అమ్మేముందు మళ్లీ పాతది పెట్టించినవి ఎన్నో ఉంటాయి.

ప్రశ్న: నా దగ్గర 2021 పోలో 1 లీటరు టీఎస్‌ఐ మాన్యువల్ ఉంది. ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే బయట ఏమీ మారకుండా శక్తి పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: శక్తి పెరుగుతుందన్నది నిజం. టర్బో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని, ఇంధనం మోతాదును, స్పార్క్ సమయాన్ని ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామే నిర్ణయిస్తుంది, దానిని మార్చడమే రీమ్యాప్. కంపెనీవారు అన్ని వాతావరణాలకూ, అన్ని రకాల పెట్రోలుకూ సరిపోయేలా కొంత వెసులుబాటు వదిలిపెడతారు. రీమ్యాప్ చేసేవారు ఆ వెసులుబాటును తీసుకుని మీకు అమ్ముతారు. అరకు ఘాట్ రోడ్డు మీద నలుగురితో ఏప్రిల్ నెలలో ఎక్కేటప్పుడు, పెట్రోలు నాణ్యత అంతంతమాత్రంగా ఉన్నప్పుడు, ఇంజిన్‌ను నాకింగ్ నుంచి, అంటే ఇంధనం వేళ తప్పి మండి కొట్టే దెబ్బల నుంచి కాపాడేది ఆ వెసులుబాటే. మీ కారులో క్లచ్, బ్రేకులు కంపెనీ ఇచ్చిన 110 పీఎస్‌కు తగ్గట్టు పెట్టినవి. ముందు అరిగేది క్లచ్, ముందు చాలకుండా పోయేవి బ్రేకులు.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు పొంతన లేకుండా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను గట్టిగా సమర్థించింది. బయటికి కనబడదు గదా అని ధైర్యం చెప్పేవారు, ప్రమాదం తరువాత బీమా కంపెనీ సర్వేయర్ ఈసీయూను చదివించిన రోజున మీ పక్కన ఉండరు. వారంటీ ఏమైనా మిగిలివుంటే అదీ పోతుంది.

మీకు పికప్ చాలడం లేదనిపిస్తే, డబ్బు ముందుగా టైర్ల మీద పెట్టండి. నాలుగేళ్లు దాటిన టైర్ల రబ్బరు గట్టిపడి, ఉన్న 110 పీఎస్‌నే రోడ్డుకు అందించలేకపోతూ ఉంటుంది. మంచి టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్‌లు, బ్రేకు ఆయిల్ మార్పించి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించి ఒకసారి భీమిలి రోడ్డు మీద తిప్పి చూసి, ఆ తరువాత కూడా చాలదనిపిస్తే మళ్లీ రాయండి.